తొట్టెల వేయని బిడ్డలు

మా గైడు పేరు చెప్పను. నా కష్టం మీద ఆయనకు వచ్చిన పేరు చాలు, ఇంకా పెంచడం నాకిష్టం లేదు.

పందొమ్మిది వందల అరవైల్లో నేను హైదరాబాదులో ప్రజారోగ్యం మీద డాక్టరేటు చేస్తున్నాను. జమ్మికుంట దగ్గరి ఒక నేతవాడలో పసిబిడ్డల మరణాలు లెక్కపెట్టాలి. ప్రశ్నపత్రం కోస్తా నుంచి వచ్చిన మా గైడుగారే రాసిచ్చారు. "మీ పిల్లల్లో ఎంతమంది చనిపోయారు?" అన్నది ఏడో ప్రశ్న. నెల రోజులు గడప గడపా తిరిగి అడిగాను. అందరిదీ ఒకటే జవాబు: "ఎవ్వలు పోలే బిడ్డా."

నమ్మలేదు. అలాగని కారణమూ తట్టలేదు, నేను ఆ జిల్లా పిల్లనే అయినా. ఒకరోజు మగ్గానికి నూలు కండెలు చుట్టే ఒక చిన్నది మాటల్లో అంది: "నాకు మూడు కాన్పులైనయక్కా. ఒక్కదానికి గూడ తొట్టెలెయ్యలే."

సిగ్గుతో చచ్చిపోయాను. మా వైపు ఇరవై ఒకటో రోజున తొట్టెల వేసి, అంటే బిడ్డను ఉయ్యాలలో వేసి, పేరు పెడతారు. అంతకుముందే పోయిన బిడ్డను ఆ వాడ ఆడవాళ్లు పిల్లల లెక్కలో చెప్పరు. ఏడో ప్రశ్న పక్కన పెట్టి, "ఎన్ని కాన్పులైనయి? ఎందరికి తొట్టెలేసిండ్రు?" అని మళ్లీ మొదటి ఇంటి నుంచి అడిగాను. రెండు అంకెలకూ మధ్య ఉన్న తేడా చూసి ఏడ్చాను.

ఇదంతా రాసిస్తే గైడుగారు చదవకుండానే ఎర్రసిరాతో కొట్టేశారు. "ఊరి కబుర్లు అక్కర్లేదమ్మా. పట్టికలుంటే చాలు." ఆరు నెలలకు ఆ పట్టికలు ఆయన పేరుతో పత్రికలో అచ్చయ్యాయి. సొమ్మొకడిది, సోకొకడిది. వెళ్లి అడిగితే, "నీ థీసిస్ మీద పెట్టాల్సిన సంతకం నాది, గుర్తుంచుకో" అన్నాడు. ఇక్కడి నుంచి ఆయనకు 'గారు' తీసేస్తున్నాను.

ఆ వ్యాసం చూసి, వాడలో కాన్పుల ఆసుపత్రి పెట్టాలా వద్దా తేల్చడానికి పెద్ద అధికారి ఒకరు జీపులో వచ్చారు. మా వాడు కోటు వేసుకుని ముందు నడిచాడు. తన ఏడో ప్రశ్ననే అడిగాడు.

"ఎవ్వలు పోలే సారూ."

రెండో ఇల్లు, ఐదో ఇల్లు, పదో ఇల్లు. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది. చెమటలు తుడుచుకుంటూ నావైపు తిరిగాడు. "చెప్పమ్మా, నువ్వు తిరిగావు కదా!"

"నాకేం తెలుసు సార్? పట్టికలు మీవి కదా" అన్నాను.

అధికారి ఫైలు మూసేసి, చచ్చిన బిడ్డలు కాగితం మీదే ఉన్నట్టున్నారని అందరి ముందూ అన్నారు. మా వాడి మొహం కందగడ్డ అయింది. నా కడుపు చల్లబడింది. ఇప్పుడు తలుచుకున్నా చల్లబడుతుంది, అబద్ధమెందుకు.

ఆసుపత్రి రాలేదు. గైడును మార్చుకుని, మిగిలిన లెక్కల కోసం మరుసటేడు మళ్లీ ఆ వాడకే వెళ్లాను. కండెలు చుట్టే చిన్నదానికి నాలుగో కాన్పు అయిందని విన్నాను. తొట్టెలేశారా అని అడిగాను.

తల అడ్డంగా ఊపింది. కండె ఆపి నావైపు చూసింది.

"గా దినం జీపు వచ్చినప్పుడు నువ్వు గూడ ఉన్నవ్ గదక్కా. నువ్వడిగితె చెప్తుంటిమి."