పోగు కట్టిన పేరుచీటీ

వెంకటనర్సుకు పేరుచీటీల పిచ్చి హైదరాబాదులో, ఒక నూలు కొట్టు ముందర పట్టింది. యుద్ధం రోజులవి, నూలుకు కంట్రోలు. రామన్నపేట అవతలి పల్లె నుంచి పోయి పొద్దంతా వరుసలో నిలబడితే గానీ ఒక కట్ట చేతికి వచ్చేది కాదు. అట్లా నిలబడి ఉండగా బొంబాయి మిల్లు ఏజెంటు ఒకాయన వరుస దాటుకుని నేరుగా లోపలికి పోయాడు. నోరైనా విప్పలేదు. జేబులోంచి అచ్చువేసిన చిన్న అట్టముక్క తీసి సేఠ్ చేతిలో పెట్టాడు. సేఠ్ లేచి కుర్చీ వేశాడు, చాయ్ తెప్పించాడు.

"కాళ్లు పీకంగ నిలబడ్డ మనిషికి లేని మర్యాద గా అట్టముక్కకు ఉన్నదిరా నాయినా!" అని వెంకటనర్సు మండిపడ్డాడు. మండిపడ్డవాడు అంతటితో ఊరుకున్నాడా? మరుసటి నెల అచ్చాఫీసుకు పోయి తన పేరున రెండు వందల చీటీలు వేయించుకొచ్చాడు. ఒకవైపు ఉర్దూ, ఇంకోవైపు తెలుగు: వెంకటనర్సు, చీరలు ధోవతులు నేయువాడు. కింద ఊరి పేరు.

ఊరు పడీపడీ నవ్వింది. "ఏం నర్సన్నా, తాసీల్దారువైతివా ఏంది?" అన్నారు. భార్య సుభద్రమ్మ మాత్రం నవ్వలేదు. "ఇంటి గోడకు సున్నం లేదు గని, పేరుకు అచ్చు కావాల్నా?" అని నిలదీసింది.

చీటీలైతే వచ్చాయి గానీ తీసుకునేవాళ్లకు చదువు రాదే! హనుమమ్మ అనే ముసలామె దాన్ని దేవుని పటం పక్కన పెట్టి రోజూ కుంకుమ బొట్టు పెట్టేది. అప్పుడు తట్టింది వెంకటనర్సుకు. చీటీ మూలకు చిల్లు పొడిచి, బట్ట చెప్పినవాళ్లు కోరిన ఒంటి రంగు, అంచు రంగు పోగులు పెనవేసి కట్టి ఇచ్చేవాడు. దానికి జత పోగు తన ఇంట్లో మేకుకు వేలాడే కట్టలో ముడివేసి, ఎవరిదో తెలిసేలా ఒక పూసో గవ్వో గుచ్చుకునేవాడు. చీటీ పట్టుకుని ఎవరొచ్చినా సరే, పోగుకు పోగు జతచూసి, ఎవరి బట్టో, ఏ అంచో చెప్పి తీసిచ్చేవాడు.

ఇక చూడాలి ఆయన తిరుగుడు! చిట్యాల సంతలో చీటీ, పెండ్లిలో చీటీ, బస్సులో పక్కన కూర్చున్నవాడికి చీటీ. ఒక చీటీ ఇంకో నలుగురిని తెచ్చేది. నల్లగొండ వకీలు ఇంటి నుంచి కూడా ధోవతులకు కబురొచ్చింది. వెంకటనర్సు ఛాతీ ఉబ్బింది. "రెండు వందల చీటీలల్ల ఏది ఎవలదో, పోగు జూసి చెప్తా. తప్పితే మగ్గం ఇడిచిపెడ్త" అని రచ్చకట్ట మీద కూర్చుని పందెం కాసేవాడు. నోరా వీపుకు తేకే అని పెద్దలు ఊరికే అనలేదు.

పోలీసు యాక్షన్ అయింది. రజాకార్ల పీడ వదిలిందని ఊపిరి పీల్చుకునేలోపే, కమ్యూనిస్టు దళాల కోసం పటాలం వచ్చి ఊరవతల డేరాలు వేసింది. ఒకనాడు పొద్దున్నే ఇద్దరు సిపాయిలు, ఒక దుబాసీ వెంకటనర్సు గడప ముందు నిలబడ్డారు. సిపాయి చేతిలో పేరుచీటీ ఉంది.

"గిది నీదేనా?" అని దుబాసీ అడిగాడు.

పేరు అచ్చువేసి ఉండగా కాదనేదెట్లా? "నాదే" అన్నాడు.

"దళపోడు చేన్ల సంచి పారేసి ఉరికిండు. సంచిల ఇది దొరికింది. ఎవలకిచ్చినవ్?"

చీటీకి కనకాంబరం రంగు పోగు, దానికి పెనవేసిన ఆకుపచ్చ పోగు. వెంకటనర్సు చూడగానే పోల్చుకున్నాడు. అది సైదమ్మది. పక్క ఊరి కాపు ఇంటి విధవరాలు, తమ్ముడికి కాబోయే పెండ్లాం కోసం చీర చెప్పుకుంది. ఆ తమ్ముడు దళంలో ఉన్నాడని అందరికీ గుసగుసగా తెలుసు. చీర తెమ్మని చీటీ వాడికే ఇచ్చి ఉంటుంది పాపం. ఇప్పుడు సైదమ్మ పేరు బయటపడితే ఆమెను డేరాలకు ఈడుస్తారు, ఇల్లు తగలబెడతారు. పక్క ఊళ్లో జరిగిందదే.

"యాదికి లేదు సార్" అన్నాడు.

గడపలో నిలబడ్డ సుభద్రమ్మ కూడా పోగును చూసింది. ఆ కనకాంబరం రంగు కాచింది ఆమే. సిపాయిలు వెంకటనర్సును డేరాలకు తీసుకుపోయారు.

డేరాల దగ్గర ఊరి పట్వారీ కూర్చుని ఉన్నాడు. "యాదికి లేదా? పోగు జూసి రెండు వందలూ చెప్తనని పందెం గట్టలే? ఇంట్ల జతపోగుల కట్ట ఉన్నది సార్, దానికి పెట్టి చూడుండ్రి" అని ఎక్కించాడు. ఆఫీసరు లేచాడు. వెంకటనర్సును ముందు నడిపించుకుని ఇంటికి బయలుదేరారు. కట్టలో ఒక్కో ముడికి ఒక్కో గుర్తు, సైదమ్మ ముడికి ఆమె ఇచ్చిన తులసిపూస. ఆ పూస సంగతి పట్వారీకీ తెలుసు, తానే చెప్పాడు మరి! తన నాలుకను తానే కోసుకోవాలనిపించింది. ఆమె ఉసురు తగిలితే ఏడు తరాలు బాగుపడవని ఏడుపొచ్చింది.

ఇంట్లో మేకు ఖాళీగా ఉంది. పెరట్లో నీలిబాన పక్కన దండెం మీద కట్ట వేలాడుతోంది, ఇంకా నీళ్లు కారుతూనే ఉంది. నీలిలోంచి తీసిన నూలు మొదట ఆకుపచ్చగా ఉండి గాలి తగలగానే నీలమవుతుంది. వాళ్లు చూస్తుండగానే ఇన్నేండ్ల బేరాలన్నీ ఒకే రంగుకు తిరిగాయి. ఎరుపు లేదు, పసుపు లేదు, కనకాంబరం లేదు. పూసలూ గవ్వలూ కూడా ఒక్కటి మిగల్లేదు. సుభద్రమ్మ చేతులు మోచేతుల దాకా నీలం.

"ఏం జేసినవ్?" అని దుబాసీ అరిచాడు.

"రంగులు ఎలిసిపోతున్నయని ముంచిన. ఇయ్యాల బానల నీలి పులిసి పొంగిన దినం, రేపటిదాక ఆగదు గద" అంది సుభద్రమ్మ, కొంగుతో చేతులు తుడుచుకుంటూ.

వెంకటనర్సుకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఆఫీసరు నమ్మలేదు. ఎందుకు నమ్ముతాడు, పిచ్చివాడా? వెంకటనర్సును మూడు రోజులు డేరాల్లో ఉంచుకున్నారు. కుడిచెయ్యి బల్లమీద పెట్టించి కట్టెతో కొట్టారు. "సంతల అందరికీ పంచిన సార్, ఎవలని యాదికుంచుకుందు" అనే ఒక్క మాట మీద ఉన్నాడు. నాలుగో రోజు వదిలేశారు. రెండు వేళ్లు మళ్లీ వంగలేదు. ఆనాటి నుంచి మగ్గంలో సుభద్రమ్మ కూర్చుంది, ఆయన కండెలు చుట్టేవాడు.

ఇక చీటీల ముచ్చట ఎత్తినవాడు లేడు. తీసుకున్నవాళ్లందరూ పొయ్యిలో వేసుకున్నారు. హనుమమ్మ మాత్రం కుంకుమబొట్టుతో సహా చీటీని దూలంలో దాచుకుందట, దేవుణ్ని కాలుస్తారా అని.

రెండేండ్లకు దళాల పోరు ఆగింది. మధ్యలో పట్టుబడ్డ సైదమ్మ తమ్ముడు జైలు నుంచి వచ్చాడు. పెండ్లి ముహూర్తం కుదిరిన వారం సైదమ్మ వెంకటనర్సు గడప దగ్గరికి వచ్చి బయటే నిలబడింది.

"అన్నా, ఎన్కట ఒక చీర చెప్పిన. చీటీ లేదు. మల్ల కొత్తగ చెప్పుకుందామని వచ్చిన."

 వెంకటనర్సు లోపలికి పోయి అటక మీది పెట్టె తీసి చీర మడత తెచ్చాడు. కనకాంబరం ఒళ్లు, ఆకుపచ్చ అంచు. సుభద్రమ్మ ఎప్పుడో నేసి పెట్టింది.

సైదమ్మ చీర వైపు చూసింది, చెయ్యి చాచింది, ఆ చెయ్యి మధ్యలోనే ఆగిపోయింది. చీర అందిస్తున్న చేతికి రెండు వేళ్లు కట్టెల్లా నిలబడి ఉన్నాయి.

"ఆ దినం ఆ చీటీ నాదని నీకు ఎర్కనేనా అన్నా?" అంది.

"ఎర్కలేకేం బిడ్డా. పందెం గట్టినోణ్ణి" అన్నాడు.

సైదమ్మ చీర అందుకోలేదు. ఆ చెయ్యి పట్టుకుని కండ్లకు అద్దుకుని బోరున ఏడ్చింది.