పక్కింటి అక్క వాళ్లింట్లో నేను చెప్పిన సాక్ష్యం

నా చిన్నప్పుడు, పంజాగుట్టలో మేమున్న అపార్ట్‌మెంట్లో పక్కింటి అక్క వాళ్లు క్రైస్తవులు. శుక్రవారం సాయంత్రాలు వాళ్ల హాల్లో చాపలు పరిచి ప్రార్థన పెట్టుకునేవారు. మాకు పూజగది ఉన్నా, మా నానమ్మను సోమాజిగూడలో ఆసుపత్రిలో చేర్చినప్పుడు వాళ్లను కూడా ప్రార్థించమని అమ్మ అడిగింది. "ఫికర్ చేయకు బిడ్డా, ప్రభువు తప్పకుండా లేపుతడు" అంది అక్కడొక పెద్దావిడ. ఆ మాట నమ్మి ఇంట్లో నానమ్మ మంచం కిటికీ పక్కకి జరిపించి, కొత్త దుప్పటి పరిచాను. నానమ్మ తిరిగి రాలేదు.

తర్వాతి శుక్రవారం ఎవరూ పిలవకుండానే వెళ్లి చాప మీద కూర్చున్నాను. పాటలయ్యాక సాక్ష్యాలు మొదలయ్యాయి. దేవుడు తమకు చేసిన మేలును ఒక్కొక్కరూ లేచి చెప్పాలి. ఒకామె కొడుక్కి ఉద్యోగం వచ్చిందంటే అందరూ స్తోత్రం అన్నారు. నేనూ లేచాను. పదకొండేళ్లు నాకు.

"మీ దేవుడు లేడు. మా ఇంట్ల ఫోటోలల్ల ఉన్నోళ్లు సుత లేరు. మీరందరు అబద్ధాలు చెప్తరు!"

"ఎవరి పిల్లనే ఇది? బయటికి తోలుండ్రి" అంది పెద్దావిడ.

అక్క వచ్చి నా పక్కన నిలబడింది. "ఉండనియ్ పెద్దమ్మా. సాక్ష్యమంటే జరిగింది చెప్పుడే కదా. దానికి జరిగింది అది చెప్పింది."

తర్వాత నన్ను మెట్ల మీదికి తీసుకెళ్లింది. "దేవుడు లేడని కోపమా, నానమ్మ లేదని కోపమా?"

జవాబు చెప్పబోతే ఏడుపొచ్చింది.

"మా నాన్న పోయినప్పుడు నేను ఏడాది చర్చి మొహం చూడలే. మస్తు లొల్లి చేసిన."

"మరి మళ్ల ఎందుకు పోయినవ్?"

"నాకు పోబుద్ధయింది, పోయిన. నీకు కాకుంటే పోకు, జబర్దస్తీ ఏం లేదు. గానీ నానమ్మ కోసం ఏడ్వాలంటే ఎవరితోని కొట్లాడే పని లేదే పిచ్చిదానా." నేను ఏడ్చినంతసేపూ పక్కనే కూర్చుంది.

నాకు ఇప్పటికీ నమ్మకం లేదు. దానికి కావలసినన్ని వాదనలు తర్వాత దొరికాయి. వాటన్నిటికంటే ముందున్న కారణం మా నానమ్మేనని ఒప్పుకోవడానికి నేను సిగ్గుపడను. కోపమూ తగ్గలేదు. ఫోన్లో ఎవరైనా దేవుడి గురించి గొడవకు దిగితే వేళ్లు వాటంతటవే తిట్లు టైప్ చేస్తాయి. ఆ తిట్లు చెరిపేసి, "నీకేం జరిగింది?" అని అడుగుతాను. కొందరు నన్ను బ్లాక్ చేసి పోతారు. కొందరు మాత్రం, నమ్మేవాళ్లైనా నమ్మనివాళ్లైనా, తాము పోగొట్టుకున్న ఎవరో ఒక మనిషి గురించి చెప్పడం మొదలుపెడతారు.