నాలుగు తీగలకు ప్రాణం పోసిన తద్దినం

లుకాంగ్ ఊరి సంగీత సంఘంలో గ్వే-క్వీ జన్మలో ఒక్కసారే వేణువు పట్టింది. ఆ రోజు వీధి కుక్కలు సముద్రం దాకా పరుగెత్తి, మూడు రోజులకు గానీ తిరిగి రాలేదని సంఘం పెద్ద థియామ్-హు ఇప్పటికీ ప్రమాణం చేసి చెబుతాడు. అయినా, టెలిఫోన్ ఆఫీసులో ముప్ఫై ఏళ్లు పనిచేసి రిటైరైన గ్వే-క్వీ లేకపోతే సంఘమే లేదనీ ఆయనే అంటాడు.

దానికి కారణం ఉంది. ఫిపా అనే నాలుగు తీగల వాద్యం వాయించే గో మాస్టారు పోయేముందు ఎనిమిదేళ్లు కూర్చుని, తనకొచ్చిన రెండు వందల పన్నెండు పాటల్నీ కంప్యూటర్లోకి ఎక్కించారు. ఏ వేలు ఏ తీగను ఎంతసేపు మీటాలో అన్నీ అందులో ఉన్నాయి. ఆ ప్రోగ్రాం పేరు 'నాలుగు తీగలు'. ఎవరో కాలేజీ కుర్రాడు రాసి, లోపలి రాతతో సహా లోకానికి ఉచితంగా వదిలేశాడు. అతను పెళ్లి చేసుకుని, పిల్లల గొడవలో పడి దాన్ని మరిచిపోతే, గ్వే-క్వీ చేరదీసింది.

చేరదీయడమంటే మాటలు కాదు. ఆ ప్రోగ్రాం తన కాళ్ల మీద తను నిలబడేది కాదు. ఎక్కడెక్కడివాళ్లో రాసిపెట్టిన చిన్న చిన్న ప్రోగ్రాముల మీద, గుంజల మీద పందిరిలా నిలబడి ఉండేది. కంప్యూటర్లు కొత్తవి వచ్చినప్పుడల్లా ఒక గుంజ పుచ్చిపోయేది. గ్వే-క్వీ దాన్ని పీకి ఇంకోటి పాతేది. పదమూడేళ్లలో తొమ్మిది గుంజలు మార్చింది.

పోయిన వేసవి తుఫానులో పిడుగు పడి పాత కంప్యూటర్ కాలిపోయింది. పాటల నకలు భద్రంగానే ఉంది. కానీ కొత్త కంప్యూటర్లో ప్రోగ్రాం తెరుచుకోలేదు. తీగను మోగించే గుంజే పోయింది. అది రాసింది ఫిన్లండులో తౌనో అనే ఆయన. పదకొండేళ్లుగా దాన్ని ముట్టుకోలేదు. ఆ రాతలోని కిటుకులు ఆయనకు తప్ప ఎవరికీ అంతుపట్టవు. సంఘంలో అందరి జ్ఞాపకాలూ కలిపినా ముప్ఫై ఏడు పాటలే తేలాయి. మిగిలినవి ఆ ఫైళ్లలోనే మూగగా ఉండిపోయాయి.

ఆ ప్రోగ్రాం కోసం ఇంటర్నెట్లో తౌనో తెరిచిన పేజీలో గ్వే-క్వీ నాలుగుసార్లు రాసింది. ఏడు నెలలు గడిచినా ఉలుకూ పలుకూ లేదు.

"నాలుగుసార్లు రాశావా?" అన్నాడు థియామ్-హు, ఆల్చిప్పలు ఒలుస్తూ.

"రాశానన్నా."

"ఇంకేం? పోయుంటాడు పాపం."

"బతికున్నోళ్లు మాత్రం జవాబిస్తారా? నువ్వు నా ఉత్తరానికి ఎప్పుడైనా ఇచ్చావా?"

"నేను ఎదురింట్లో ఉంటే నాకు ఉత్తరమెందుకే? నా మాట విను. ఇన్నేళ్లు మనకి తీగ మోగించి పెట్టాడు. చిల్లిగవ్వ అడగలేదు. వచ్చే శరదృతువు పూజకి మన పెద్దల్లో ఆయన పేరూ రాసేద్దాం."

ఆ సంఘంలో పోయిన సభ్యుల పేర్లు పసుపుపచ్చ పట్టుగుడ్డ మీద రాసి, ఏటా శరత్తులో చదివి, ఎవరికి ఇష్టమైనది వారికి పెడతారు.

"ఏం తింటాడో కనుక్కో," అన్నాడు థియామ్-హు.

గ్వే-క్వీ ఆయన రాసిన ప్రోగ్రామంతా గాలించింది. రాసేవాళ్లు మధ్యమధ్య తమ కోసం గుర్తులు పెట్టుకుంటారు. ఒకచోట తౌనో ఇలా రాసుకున్నాడు: ఈ తప్పు దిద్దడానికి పదకొండు కప్పుల కాఫీ పట్టింది.

పూజనాడు మూలమీది కొట్టు నుంచి పదకొండు కప్పులు వచ్చాయి.

"పాలు పొయ్యాలా?"

"అది రాయలేదన్నా."

"అయితే వద్దు. పెద్దాయనకి కోపమొస్తే ఎవరు పడతారు?"

పేరు చదివారు, అగరుబత్తులు వెలిగించారు. గ్వే-క్వీ ఫొటో తీసి, మర్యాద కోసం తౌనో పేజీలో పెట్టింది: "ఆయన కుటుంబానికి. మీ తౌనోగారిని మా పెద్దల్లో కలుపుకున్నాం. ఆయన చలవతోనే మా మాస్టారి పాటలు ఇన్నాళ్లు విన్నాం."

మూడో రోజు జవాబు వచ్చింది.

"నేను తౌనోని. బతికే ఉన్నాను. ఆ పేజీలో ఎప్పుడు చూసినా తిట్లే ఉండేవి, అందుకని చూడటం మానేశాను. మీ కబురు ఎవరో మా చెల్లెలికి పంపారు. అది ఏడుస్తూ మా ఇంటికి ఫోన్ చేస్తే నేనే ఎత్తాను. థాంక్స్ చెప్పినవాళ్లు మీరొక్కరే. ఏం తప్పు వస్తోందో పంపండి."

అది చదివి వినిపిస్తే థియామ్-హు మొహం పాలిపోయింది.

"బతికున్నోడికి పెట్టామా! ఎంత అపచారం! క్షమాపణ రాయి. పెద్దక్షరాల్లో రాయి!"

"ముందు తప్పేంటో పంపనీ అన్నా. తర్వాత నీ పేరు మీదే రాస్తాను, ఐడియా నీదేగా!"

తౌనో పడవల ఇంజన్లు బాగుచేసి రిటైరైన మనిషి. పొద్దుట ఆయన ఒక ముక్క పంపేవాడు, మధ్యాహ్నం గ్వే-క్వీ అతికించి చూసేది, విరిగితే విరిగిందని రాసేది. ఇలా తొమ్మిది రోజులు జరిగింది. పదో రోజు భోజనాలయ్యాక 'నాలుగు తీగలు' తెరుచుకుంది. గ్వే-క్వీ మొదటి పాట నొక్కింది. గో మాస్టారి మీటు. మూడో స్వరం మీద కాస్త ఆగే ఆయన అలవాటు కూడా అలాగే ఉంది. గ్వే-క్వీ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుండిపోయింది. తర్వాత లేచి మొహం కడుక్కుని, రెండు వందల పన్నెండూ ఒక్కొక్కటే తెరిచి చూసింది. ఒక్కటీ పోలేదు.

అన్నీ మోగుతున్నాయని తౌనోకి రాసి, కృతజ్ఞతలు చెప్పింది. ఆయన రాశాడు: "నా ముక్కను ఎవరు దేనికి వాడుతున్నారో నాకెప్పుడూ తెలీదు. ఒకసారి వినిపిస్తారా?"

వినిపించకుండా ఎలా ఉంటారు? అందరూ మరిచిపోయిన ఒక పాటను ఫైలు పెట్టుకుని నెల రోజులు సాధన చేశారు. ఆదివారం సాయంత్రం ఫోన్లో తౌనో కనిపించాడు. ఎర్రటి ముక్కు, నున్నటి తల. సంఘమంతా లేచి నిలబడి నమస్కరించి, కూర్చుని వాయించింది. ఇరవై నిమిషాలు ఆయన కదల్లేదు. వాద్యాలు ఒక్క క్షణం ఆగాయి. తౌనో కళ్లు తుడుచుకుని, ఎంతో బాగుందన్నాడు. అయిపోయిందా అని అడిగాడు.

గ్వే-క్వీ ఆ మాట అనువదించి చెప్పింది.

"అయిపోవడమేంటి?" అన్నాడు థియామ్-హు, నోరు తెరిచి. "ఇంకా మొదలే కాలేదని చెప్పమ్మా! పాడేవాళ్లు ఇప్పుడేగా లేస్తున్నారు. తొందరేం లేదను, హాయిగా కూచోమను."

ఫోన్లో తౌనో కుర్చీ ముందుకు లాక్కున్నాడు.