ఆరు సెకన్లకొక వణుకు

1988లో సౌదీ అరేబియా తూర్పు తీరాన, ధహ్రాన్‌కు కాస్త దూరంలో ఉన్న ఒక కాంట్రాక్టు కంపెనీ ఆసుపత్రిలో ఆడియాలజిస్టుగా చేరాను. ఆడియాలజిస్టు అంటే చెవి డాక్టరు కాదు. చెవిలో మందు వేసేది, కత్తి పెట్టేది డాక్టరు. ఆ చెవికి ఏది వినిపిస్తోందో, ఏది వినిపించడం లేదో కొలిచి కాగితం మీద పెట్టడం వరకే మా పని. మైసూరులో ఆ చదువు చదివి, గుంటూరులో నాలుగేళ్ళు పనిచేసి వెళ్ళాను. మీ తాతయ్య అప్పటికే అదే కంపెనీలో పైపులైన్ల డ్రాయింగులు గీస్తుండేవారు. మా విభాగానికి పెద్ద, ఈజిప్టు నుంచి వచ్చిన డాక్టర్ నబీల్. ఆయన కింద నేను. నా కింద ఎవరూ లేరు.

చైత్రా, మొన్న ఫోనులో నాకో కొత్త జాజ్ పాట వినిపించి, "భయపడకు అమ్మమ్మా, ఫోను పాడవలేదు, పాటే అంత" అన్నావు. నేను నవ్వితే ఎందుకని అడిగావు. అలాంటి మాటే నేను ముప్పై ఏళ్ళ కిందట విన్నాను తల్లీ. అప్పుడు ఆ మాట వల్ల ఒక మనిషి ఉద్యోగం పోబోయింది. అది చెబుతాను, నువ్వూ నీ తమ్ముడూ తీరిగ్గా చదువుకోండి.

1991 మొదట్లో యుద్ధం జరిగింది. ఇరాక్ క్షిపణులు వస్తున్నాయని సైరన్ మోగితే మొహానికి గ్యాస్ మాస్కు తగిలించుకుని, కిటికీలకు టేపు అంటించిన గదిలో కూర్చునేవాళ్ళం. యుద్ధం ముగిశాక కూడా కువైట్ నూనెబావుల పొగ నెలల తరబడి మా ఆకాశంలోనే ఉంది. ఆరేసిన బట్టలు మసి పట్టేవి. ఆ ఎండాకాలంలో కంపెనీ ఒక ఉత్తర్వు ఇచ్చింది. పేలుళ్ళ తర్వాత చెవిలో హోరు ఉందనో, సరిగా వినిపించడం లేదనో చెప్పినవాళ్ళందరికీ పరీక్ష చేసి, పనికి యోగ్యులో కాదో రాసివ్వాలి. యోగ్యుడు కాదని రాస్తే ఫైనల్ ఎగ్జిట్. అంటే పాస్‌పోర్టు మీద చివరి ముద్ర వేసి ఇంటికి పంపడం.

అలా ఒక ఆదివారం నా దగ్గరికి మహబూబ్ బాషా వచ్చాడు. కడప జిల్లా మనిషి, నలభై దాటినవాడు. కంపెనీ ఉద్యోగులందరం ఉండే మా కాంపౌండులో, ఆ గోడల లోపల మాత్రమే వినిపించే చిన్న రేడియో ఒకటి ఉండేది. అందులో సౌండ్ టెక్నీషియన్. ప్రసారానికి ముందు ప్రతి రికార్డునూ టేపునూ మొత్తం విని, లోపముంటే పుస్తకంలో రాయడం అతని పని. సిబ్బంది ఆఫీసు పంపిన కాగితంలో ఇలా ఉంది: పేలుడు తర్వాత ఇతను కొత్త టేపులన్నిటిలోనూ లోపం ఉందని రాస్తున్నాడు, ఏ టేపులోనూ లోపం లేదు, వినికిడి దెబ్బతిన్నట్టు అనుమానం. బుధవారంలోగా జవాబు కావాలి.

పరీక్ష పద్ధతి చెబుతాను. బయటి చప్పుడు రాని చిన్న గదిలో మనిషిని కూర్చోబెట్టి హెడ్‌ఫోను పెడతాం. లావు స్వరం నుంచి సన్న స్వరం దాకా ఒక్కొక్కటే, రాను రాను చిన్నగా వినిపిస్తాం. వినిపించినప్పుడల్లా అతను వేలెత్తాలి. ఎక్కడ వేలు ఎత్తడం ఆగిపోతుందో అక్కడ గళ్ళ కాగితం మీద గుర్తు పెడతాం. కుడిచెవికి ఎర్ర సున్నా, ఎడమచెవికి నీలం ఇంటూ. ఆ గుర్తులన్నీ కలిపితే వచ్చే గీతనే ఆడియోగ్రామ్ అంటారు.

బాషా కుడిచెవి నిక్షేపంగా ఉంది. ఎడమచెవి గీత మాత్రం నాలుగు వేల హెర్ట్జ్ దగ్గర గుంట పడి మళ్ళీ లేచింది. పెద్ద శబ్దం దెబ్బ తిన్న చెవికి అది వేలిముద్ర లాంటిది. క్షిపణి పేలిన రోజు మేడ మీద ఏరియల్ సరిచేస్తున్నానని, రెండు రోజులు చెవిలో కీచురాళ్ళు అరిచాయని అతనే చెప్పాడు. నా లెక్క తేలిపోయింది. ఫారం చివర "యోగ్యుడు", "అయోగ్యుడు" అని రెండు గళ్ళుంటాయి. రెండో గడిలో పెన్సిల్‌తో టిక్కు పెట్టాను. ముందు పెన్సిల్, రెండోసారి సరిచూసుకున్నాక ఇంకు. మైసూరులో మా మేడమ్ నేర్పిన అలవాటది.

అతను ఆ గడి చూశాడు. ఇంగ్లీషు పెద్దగా రాకపోయినా ఆ మాట మాత్రం గుర్తుపట్టాడు.

"మేడమ్, ఒగ మాట చెప్తా, కోపం జేసుకోగాకండి. నా చెవి తప్పయితే నోరు మూసుకోని పోతా. ఆ మిషను తప్పు గూడా నా చెవి మిందెయ్యొద్దు."

ఏ మిషను అని అడిగాను.

"టేపు మిషను మేడమ్. ఆ పీటరు సారు కొత్త పాటలు ఏస్తాడే, అదీ. సౌండు వణుకుతాండాది అని రాస్తే ఆయప్ప పడీపడీ నగుతాడు. వణకాలనే వణికించినారు బాషా, అదే పాట అంటాడు. మనిషి వణికించేది వేరే, మిషను వణికేది వేరే. అది గూడా తెలీకుంటే నేనేం సన్నాయోళ్ళ ఇంట పుట్టినట్టు?"

అప్పుడు తెలిసింది, వాళ్ళది తరతరాలుగా పెళ్ళిళ్ళకు సన్నాయి వాయించే ఇల్లని. బాషా మాత్రం రేడియో రిపేరు నేర్చుకుని ఈ దేశం వచ్చాడు.

"చెవిటోడని ముద్రేసి పంపిస్తే, మా ఇంట్లో శ్రుతిపెట్టె గూడా నా చేతికియ్యరు మేడమ్," అన్నాడు.

జాలితో ఫారం నింపకూడదు. కానీ మనిషి చెప్పేది పూర్తిగా వినకుండానూ నింపకూడదు కదా. ఆ వణుకు ఎలా ఉంటుందో చూపించమన్నాను. అతను గొంతు సన్నం చేసి ఒకే స్వరం పట్టాడు. మధ్యలో ఒక్కచోట అది లిప్తపాటు కిందికి జారి మళ్ళీ లేచింది. ఆ వెంటనే తొడ మీద చేత్తో తాళం లెక్కపెట్టి, సరిగ్గా అంతసేపటికి మళ్ళీ జార్చాడు.

"పాట తాళం మారినా ఇది మారదు. కొన్నిట్లో తాళమే ఉండదు గదా, అయినా ఇది వచ్చే టయానికి వస్తాది. నెల నెలా వచ్చే జీతాల బస్సు మాదిరి."

నాకు నవ్వొచ్చింది, ఆ వెనకే అనుమానమూ వచ్చింది. దెబ్బతిన్న చెవిలో హోరు వస్తుంది, గరగర వస్తుంది. అది వాచీ చూసుకుని రాదు. గుండె కొట్టుకునే లయలో వచ్చే హోరు ఒకటుంది. అదేమోనని నాడి పట్టుకుని అతన్ని మళ్ళీ లెక్కపెట్టమన్నాను. అతని లెక్కలో ఒక్కసారి అయ్యేలోగా నాడి ఏడుసార్లు కొట్టుకుంది. అది చెవిలోనూ లేదు, గుండెలోనూ లేదన్నమాట.

డాక్టర్ నబీల్‌ను అడిగి మంగళవారం మధ్యాహ్నం కాంపౌండు బస్సులో రేడియో గదికి వెళ్ళాను. ఆయన ఆసుపత్రిలోని ఆడవాళ్ళందరినీ "దక్తూరా", అంటే డాక్టరమ్మా, అనేవారు, నన్ను కూడా. "వెళ్ళు దక్తూరా, చెవులు మన దగ్గరికి రావడమే గాని మనం చెవుల దగ్గరికి వెళ్ళిందెప్పుడు?" అన్నారు ఇంగ్లీషులో. క్యాంపులకు తీసుకెళ్ళే చిన్న ఆడియోమీటరు పెట్టె, ఒక స్టాప్‌వాచీ పట్టుకెళ్ళాను.

రేడియో గది మా పడకగదంత ఉంటుంది. పరాయి మగవాళ్ళున్న గదిలోకి ఆడమనిషి వెళితే తలుపు తెరిచి ఉంచడం అక్కడి పద్ధతి. బాషా తలుపుకు కుర్చీ అడ్డం పెట్టాడు. పీటర్ పైపుల వెల్డింగు తనిఖీ చేసే అమెరికన్ ఇంజనీరు, పొడుగ్గా సన్నగా ఉంటాడు. ప్రతి గురువారం, అప్పట్లో అది మా సెలవురోజు, జీతం లేకుండా "కొత్త విడుదలలు" అనే కార్యక్రమం నడిపేవాడు. సెలవు మీద న్యూయార్క్ వెళ్ళినప్పుడల్లా కొత్తగా వచ్చిన క్యాసెట్లు తెచ్చి, రేడియో మిషను కోసం పెద్ద రీళ్ళ మీదికి ఎక్కించేవాడు. మిగతా కార్యక్రమాలన్నీ గ్రామ్‌ఫోను రికార్డుల మీద నడిచేవి. ఆ టేపు మిషను మీద నడిచేది అతనిదొక్కటే. అందుకే బాషా రాసిన లోపాలన్నీ పీటర్ పాటల మీదే పడ్డాయి. వీడికి కొత్త సంగీతం గిట్టడం లేదు, లేదా చెవి పోయింది అని అందరూ అనుకున్నారు.

పీటర్ మొహం వాడిపోయి ఉంది. బాషా చెవులు రాకెట్లతో పాటే ఎగిరిపోయాయని సూపర్‌వైజర్ దగ్గర సరదాకి అన్నానని, అది కాగితమై ఇంతదాకా వస్తుందనుకోలేదని చెప్పాడు.

రీలు పెట్టించాను. ముందు రెండు శాక్సాఫోన్లు తగవులాడుకున్నాయి. డ్రమ్ము వాళ్ళను విడదీయడానికి వచ్చినట్టే వచ్చి తనూ తగవులోకి దిగింది. తర్వాత ఒక క్లారినెట్ నవ్వుతున్నట్టూ ఏడుస్తున్నట్టూ మొదలై, ఉన్నట్టుండి గొంతు చీరుకుపోయేలా కేక పెట్టింది. నిజం చెప్పాలంటే మొదటి నుంచి చివరి దాకా లోపమే అని నేనూ రాసేదాన్ని.

బాషాను గోడవైపు తిప్పి కూర్చోబెట్టాను. హెడ్‌ఫోను కుడిచెవికే, అంటే బాగున్న చెవికే. వణుకు వినిపిస్తే వేలెత్తమన్నాను, ఆసుపత్రిలో లాగే. క్లారినెట్ కేకకు వేలు లేవలేదు. శాక్సాఫోన్ పగిలినట్టు అరిచినా లేవలేదు. నాకేమీ వినపడని చోట లేచింది. స్టాప్‌వాచీ నొక్కాను. ఆరు సెకన్లకు కాస్త తక్కువ. మళ్ళీ లేచింది, అంతే. మళ్ళీ, అంతే. రీలు చివరికొచ్చేసరికి ఆ ఎడం ఆరు సెకన్లు దాటింది.

ఎడం ఎందుకు పెరిగిందని అడిగితే, బాషా వెనక్కి తిరక్కుండానే చెప్పాడు. "చుట్టుకునే చక్రం లావెక్కుతాది గదా మేడమ్. లావెక్కితే ఒగ చుట్టు తిరిగేకి ఎక్కువ సేపు పడతాది. చక్రం కింద ఇరుసు వంగిండాది. చుట్టుకొకతూరి రాసుకుంటాది. మూడుతూర్లు సామాను కావాలని రాసిచ్చినా. లోపమే లేదంటే సామాను ఎవురిస్తారు?"

పీటర్ ఒప్పుకోలేదు. అతనికి ఏమీ వినపడలేదు. ఆ సంగీతమంటే ప్రాణం కాబట్టి అందులో ఏ చప్పుడు వచ్చినా అతనికి సంగీతమే. నేను ఆడియోమీటరు పెట్టె తెరిచి, వెయ్యి హెర్ట్జ్ స్వరం పెట్టి, దాని హెడ్‌ఫోనును మైకుకు ఆనించాను. అది వంకర టింకర లేని ఒకే స్వరం, అందులో వాయించేవాడి ఇష్టమనేది ఉండదు. రెండు నిమిషాలు అదే రీలు మిషను మీద రికార్డు చేసి, మళ్ళీ వినిపించమన్నాను.

స్వరం తిన్నగా వచ్చింది. ఉన్నట్టుండి కిందికి జారి లేచింది. కొన్ని సెకన్ల తర్వాత మళ్ళీ. మూడోసారి పీటర్ కుర్చీలోంచి లేచాడు. గబగబా పక్క ఆఫీసుకెళ్ళి సూపర్‌వైజర్‌ను చేయి పట్టుకుని తీసుకొచ్చాడు. ఆయనకు ఎవరూ ఏమీ చెప్పలేదు. రెండుసార్లు విని, ఈ మిషను ఎన్నాళ్ళుగా ఇలా ఉందని ఆయనే అడిగాడు. బాషా లోపాల పుస్తకం తెరిచి ఆయన ముందు పెట్టాడు, అంతే. ఆ గదిలో ఏసీ అంతసేపూ నడుస్తూనే ఉంది గాని, చల్లగా ఉన్నట్టు నాకు అప్పుడే తెలిసింది.

సూపర్‌వైజర్ వెళ్ళాక పీటర్ తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి ఆ క్లారినెట్ సంగతి చెప్పాడు. అది యూదుల పాత పెళ్ళి వరసట. న్యూయార్క్‌లో కొందరు యూదు వాద్యకారులు అలాంటివి తీసుకుని, జాజ్‌లో కలిపి, విరిచి, కొత్తగా కడుతున్నారట. యూదులదని అట్ట మీద ఉంటే ఆ దేశపు కస్టమ్స్ దాటదు. అందుకని అట్టలు తీసేసి తెచ్చేవాడు, రేడియోలో "కొత్త వాద్య సంగీతం" అని మాత్రం చెప్పేవాడు. నేను బాషాకు తెలుగులో చెప్పాను.

"పెండ్లి పాటా?" అన్నాడు బాషా. "అదీ! మొదుట్నించీ అనుకుంటానే ఉండా. ఆ కేక పెడతాడు సూడండి, అది అప్పగింతల కాడ మా నాయన సన్నాయిలో పట్టే కేకే మేడమ్. ఎవురైతేనేం, ఆడపిల్లని పంపించేటప్పుడు ఊపిరి అట్లనే తెగుతాది. దాన్ని నేను తప్పని రాస్తానా?"

పీటర్‌కు ఇంగ్లీషులో చెప్పాను. అతను కళ్ళజోడు తీసి తుడుచుకుని, బాషాకు చెయ్యిచ్చాడు. వచ్చే గురువారం నుంచి ప్రతి కొత్త టేపూ ముందు తమరే వినాలి, లోపమంటే లోపమే అన్నాడు. బాషా నాతో, "మంచిదే అని చెప్పండి. ఆ రెండు శాక్సాఫోన్ల పంచాయితీ మాత్రం నెలకొకతూరి చాలు అని గూడా చెప్పండి" అన్నాడు. చెప్పాను.

బుధవారం పొద్దున రబ్బరుతో ఆ టిక్కు చెరిపి, మొదటి గడిలో ఇంకుతో పెట్టాను. ఎడమచెవి గుంటను దాచలేదు. అది ఉన్న మాట నిజం. ఆరు నెలలకొకసారి పరీక్ష, పెద్ద శబ్దాల దగ్గర చెవికి రక్షణ అని రాశాను. ఏ పాట మీద పరీక్ష జరిగిందో రిపోర్టులో అవసరం లేదు కనుక "ఒక టేపు" అన్నాను. డాక్టర్ నబీల్ చదివి, "ఖలాస్", అంటే పని అయిపోయింది, అని సంతకం పెట్టారు. నెలలోపే మిషనుకు కొత్త ఇరుసు వచ్చింది. బాషా ఆ రేడియోలో ఇంకో తొమ్మిదేళ్ళు పనిచేశాడు. ఆరు నెలలకొకసారి వచ్చి వేలెత్తేవాడు. ఆ గుంట పెరగలేదు.

మా పనిలో మొదట చూడాల్సింది గీత కాదని నాకు ఆ వారం తెలిసింది. బాషా గీతలో ఉన్నదంతా నిజమే. అయినా అతనికి రాసుకునే చక్రం వినిపిస్తోందని ఆ గీత చెప్పలేదు, చెప్పజాలదు కూడా. అప్పటినుంచి ఉద్యోగం విరమించే దాకా, పరీక్షకు ముందు కేసు కాగితం మీద మొదటి వరస ఖాళీ వదిలి, వచ్చిన మనిషి ఏం వినిపిస్తోందన్నాడో అతని మాటల్లోనే రాసుకున్నాను. చివరి గడి మాత్రం ఎప్పుడూ పెన్సిల్‌తోనే.