రొమ్ము ఎముకలో చప్పుడు

దయ్యాలు, దిష్టి, చేతబడి వంటివి నేనెప్పుడూ నమ్మలేదు. నా వృత్తి అలాంటిది. చిత్తూరులో రిజిస్ట్రారు ఆఫీసు ఎదురుగా ఒక చిన్న గదిలో కూర్చుని ఇరవై ఆరేళ్లుగా దస్తావేజులు రాస్తున్నాను. సొంత అన్నదమ్ములు నా ముందు కూర్చుని నవ్వుతూ అబద్ధాలాడటం చూశాను. ఎవరేం చెప్పినా "కాగితం ఏదీ?" అని అడగడం అలవాటైపోయింది. ఇప్పుడు చెప్పబోయేదానికి మాత్రం నా దగ్గర ఏ కాగితమూ లేదు.

పోయిన వేసవిలో, ఊరి నిండా మామిడికాయల లారీలు తిరుగుతున్న రోజుల్లో, నగరి నుంచి మునిరత్నం అనే ఆయన వచ్చాడు. యాభై దాటిన మనిషి, మరమగ్గాల పని. అన్నతో ఇల్లు పంచుకున్నాడు, భాగపత్రం రాయించుకోవాలి. నేను రాసింది చదివి వినిపిస్తుంటే, కూర్చుని కూర్చుని విసుగొచ్చిందేమో, చేతులు వెనక్కి పెట్టి ఒళ్లు విరిచాడు. టక్ మని, ఎండుపుల్ల విరిగినట్టు ఒక చప్పుడు.

కుర్చీ విరిగిందేమోనని కిందికి చూశాను.

"కుర్చీ కాదు సార్, నేనే," అని నవ్వాడు. "రెండేండ్లుగా రొమ్ము ఎముక ఇట్లే కొట్టుకుంటా ఉండాది. నొప్పేం లేదు. సెయ్యి పెట్టి సూడండి."

వద్దన్నాను. అయినా ఆయన నా కుడిచేయి పట్టుకుని తన చొక్కా మీద, ఎదురురొమ్ము మధ్యలో ఆనించుకున్నాడు. మళ్లీ భుజాలు విరిచాడు. నా అరచేతి కింద ఏదో పక్కకు జరిగి తిరిగి తన చోటికి వచ్చి కూర్చున్నట్టు తగిలింది. గబుక్కున చేయి లాక్కున్నాను.

మర్నాడు పొద్దున మంచం మీంచి లేస్తూ ఒళ్లు విరిచాను. నా రొమ్ములో టక్ మంది.

నాకు అంతకుముందు అలాంటిది ఎన్నడూ లేదు. ఆ రోజు నుంచి, లేచినా, ఆవలించినా, బీరువా మీద ఫైలు అందుకున్నా అదే చప్పుడు. ఒకసారి కొట్టుకుంటే గంటా రెండు గంటలు ఊరుకునేది. తర్వాత లోపల బిగుతుగా, ఏదో పట్టేసినట్టు ఉండేది. విరిచేదాకా ప్రాణం ఊరుకునేది కాదు. గదిలో పని మీద వచ్చినవాళ్లు ఎక్కడిదీ చప్పుడు అని చుట్టూ చూసేవాళ్లు. నేనూ వాళ్లతో పాటు చూసేవాడిని.

గుండె జబ్బేమోనని తిరుపతికి వెళ్లి ఒక ఆసుపత్రిలో చూపించుకున్నాను. ఈసీజీ బాగుంది, ఎక్స్‌రే బాగుంది. డాక్టరు చేతులకు తొడుగులు వేసుకుని రెండు వేళ్లతో నొక్కి చూశాడు. పక్కటెముకలు రొమ్ము ఎముకతో కలిసేచోట కీళ్లుంటాయనీ, వేళ్లు విరిస్తే వచ్చే చప్పుడు లాంటిదేననీ, కావాలని విరవొద్దనీ చెప్పాడు. నమ్మాను. బస్సెక్కి సంచి పైన పెట్టేదాకా నమ్మాను.

నెల తర్వాత పత్రంలో కొలతలు తప్పు పడ్డాయని మునిరత్నం మళ్లీ వచ్చాడు. నేను కాగితాల మీద కంటే ఆయన ఛాతీ మీద ఎక్కువ చూపు పెట్టాను. ఒళ్లు విరిచాడు. దగ్గాడు. ఏ చప్పుడూ లేదు.

"ఏమైంది నీ చప్పుడు?" అని అడిగాను.

"పోయింది సార్. ఈడికొచ్చి పోయినానే, ఆ పొద్దే పోయింది."

"అసలు నీకెట్లా వచ్చింది?"

"మా పక్క మగ్గం ఆయనకి ఉండె. ఒగసారి సూడమన్నాడు," అన్నాడు.

"అయితే నీకు తెలిసే నా చేయి పెట్టించుకున్నావా?"

"అయ్యో, తెలిస్తే అట్లా సేస్తానా సార్!" అన్నాడు కానీ తల ఎత్తలేదు. సవరణ పత్రం సిరా ఆరకముందే మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఆయన అబద్ధమాడాడని ఇప్పటికీ అనుమానం. నిరూపించలేను.

ఇంట్లో నా భార్య సుశీలకు అంతా చెప్పాను. "మీకేమన్నా పిచ్చి పట్టిందా? ఎముక సప్పుడు యాడన్నా అంటుకుంటాదా?" అని నవ్వింది. నేను నవ్వలేదు. ఆ రోజు నుంచి నా ఛాతీ మీద ఎవరినీ చేయి వేయనివ్వలేదు, సుశీలను కూడా.

ఒక తప్పు ఒప్పుకోవాలి. పక్క గదిలో దస్తావేజులు రాసే సుబ్రమణ్యానికీ నాకూ పడదు. ఒకరోజు చప్పుడు విని, "యాడప్పా, సూడనీ," అంటూ చేయి చాచాడు. ఒక్క క్షణం నేను కదలలేదు. పెట్టనీ అనుకున్నాను. చేయి చొక్కాకు తగిలేలోపు లేచి నిలబడ్డాను. ఇది సుశీలకు చెప్పలేదు.

ఆ తర్వాతి ఆదివారం మధ్యాహ్నం తిని చాప మీద పడుకున్నాను. ఛాతీ మీంచి ఏదో బరువు తీసినట్టయి మెలకువ వచ్చింది. పక్కన సుశీల కూర్చుని ఉంది.

"ఈగ వాలింది. తోలినాను," అంది.

లేచి ఒళ్లు విరిచాను. చప్పుడు లేదు. మర్నాడూ లేదు.

మూడో రోజు ఆమె వంటింట్లో పై అర మీంచి ఆవకాయ జాడీ దించుతుంటే టక్ మంది. నేను గుమ్మంలోనే ఉన్నాను.

"ఏమిటది?"

"గాజులు," అంది.

ఇరవై రెండేళ్లుగా ఆ గాజుల చప్పుడు వింటున్నాను. అది గాజులది కాదు.

చేయి పెట్టి చూస్తానన్నాను. నా మణికట్టు పట్టుకుని పక్కకు నెట్టేసింది. తిరుపతికి వెళ్దాం రమ్మన్నాను. "మీకు పోయింది గదా, సాలు. ఇంగ నన్ను సతాయించొద్దండి," అంది. ఇది జరిగి నాలుగు నెలలైంది. ఇప్పటికీ నేను దగ్గరికి వెళ్తే మోచేయి ఛాతీకి అడ్డం పెట్టుకుంటుంది.

ఈ వయసులో కీళ్లు చప్పుడు చేయడం మామూలే అంటారు. నాకు రావడం, పోవడం, ఆమెకు రావడం, అన్నీ కాకతాళీయమే కావచ్చు. నేనూ అలాగే సర్దిచెప్పుకుంటాను. మరి కీళ్ల చప్పుడే అయితే నా చేతికి ఆమె ఎందుకంత భయపడుతోంది?

ఈ ఉదయం మిద్దె మీద బట్టలు ఆరేస్తోంది. నేను మెట్ల మీద ఉన్నాను. దుప్పటి తీగ మీదికి విసిరినప్పుడు చప్పుడైంది. నేను విన్నానా అని వెనక్కి తిరిగి చూసింది. విననట్టే కిందికి దిగివచ్చేశాను. ఇదంతా ఏమిటో నాకు తెలియదు. తెలుసుకోవడానికి ఆమె ఒప్పుకోవడం లేదు.