తోమే చెయ్యి

ఆమదాలవలసలో స్టేషనుకు పోయే దారిలో ఏ ఇంట్లో పసిపిల్ల పుట్టినా, ఆసుపత్రి నుంచి ఆటో వచ్చిన మర్నాడే లక్ష్మణమ్మ వచ్చేది. ఎవరూ పిలవక్కర్లేదు. చంకలో ఒక స్టీలు డబ్బా, అందులో పెసలు, శనగలు, కచ్చూరాలు, కాస్త పసుపు కలిపి తనే మర ఆడించిన నలుగుపిండి. పిల్లకు మూడోనెలో నాలుగోనెలో వచ్చేదాకా రోజూ నీళ్ళుపోయడం ఆవిడ పని. పెరట్లో పీట వేసుకుని, చీర మోకాళ్ళ పైకి దోపుకుని, రెండు కాళ్ళూ చాపి కూచుందంటే ఆ కాసేపూ ఆ ఇంటికి ఆవిడే యజమానురాలు. నీళ్ళు వేడి చాలకపోతే అమ్మమ్మను కేకలేసేది, బొంత ఆరకపోతే తల్లిని కేకలేసేది. ఇంటాయన అటుగా వస్తే వెనక్కి తిరిగి పొమ్మనేది. ఆయన మారుమాట లేకుండా వెళ్ళిపోయేవాడు.

ఆవిడ పోతకు ఒకటే లెక్క. పిల్ల ఎర్రగా కందాలి. ముంగాళ్ళ మీద పిల్లను బోర్లా వేసుకుని, నూనె రాసి, నలుగు పెట్టి, బొటనవేలితో మడతల్లో తోమి, పొగలు కక్కే నీళ్ళు చెంబుతో పోసి, చివర్న సాంబ్రాణి పొగ పట్టి పైకెత్తి చూపించేది. పిల్ల మందారపువ్వులా ఉండేది. గుక్కపట్టి ఏడ్చి ఏడ్చి అలాగే సొమ్మసిల్లి నిద్రపోయేది. "నా సేతిలో పడ్డ గుంట సాయంత్రందాకా కన్ను తెరవదు" అని చెప్పుకునేది. తల్లులకు కావలసిందీ అదే, కాబట్టి ఆవిడ మాట ఎవరూ కాదనలేదు. నిజం చెప్పాలంటే చాలామంది పిల్లలకు ఏమీ కాలేదు కూడా. పసితోలు తట్టుకుంటే తట్టుకుంటుంది. తట్టుకోలేని తోలు ఒకటి ఆవిడ చేతిలో పడేదాకా ఆవిడకు అది తెలిసే దారి లేదు.

ఆ తోలు ఎస్తేరుది. హుద్‌హుద్ తుఫాను వచ్చిన ఏడు, ఎండలు తగ్గుతున్న రోజుల్లో పుట్టింది. బాప్టిస్టు చర్చివాళ్ళ పిల్ల. అమ్మమ్మ స్వర్ణమ్మ చర్చిలో స్త్రీల కూడికకు పెద్ద. తల్లి ప్రిస్కిల్లా మొదటి కాన్పుకు పుట్టింటికి వచ్చి ఉంది. తండ్రి శాంతికుమార్‌ది రాజాంలో కాలేజీ ఉద్యోగం, ఆదివారాలు వచ్చి ఆరాధన చూసుకుని, పిల్లను చూసుకుని పోయేవాడు. ప్రిస్కిల్లాకు కూడా తను పుట్టినప్పుడు నీళ్ళుపోసింది లక్ష్మణమ్మే. అందుకని ఆ ఇంట్లో ఆవిడకు చనువు ఎక్కువ. స్వర్ణమ్మ పిల్ల కోసం ప్రార్థన చేయిస్తే, లక్ష్మణమ్మ ఎవరూ చూడకుండా పిల్ల అరికాలికి ఓ కాటుక చుక్క పెట్టేది. స్వర్ణమ్మకు అది తెలుసు. చూడనట్టు ఊరుకునేది.

రెండు నెలలు నిండేసరికి పిల్ల బుగ్గలు గరుకెక్కాయి. తరవాత మోచేతి మడతల్లో, మోకాళ్ళ వెనక ఎర్రటి పట్టీలు లేచాయి. గోకి గోకి అవి చెమర్చడం మొదలైంది. పిల్ల తలను పరుపుకేసి అటూ ఇటూ రుద్దుకునేది. పక్కింటావిడ చూసి "గజ్జిలాగున్నాదే" అని తన మనవణ్ణి లోపలికి తీసుకుపోయింది. ఇంకొకరు తల్లి పాలవేడి అన్నారు. అంతే, ప్రిస్కిల్లాకు పథ్యం మొదలైంది. వంకాయ వద్దు, చేప వద్దు, గుడ్డు వద్దు, చివరికి చారూ అన్నమూ మిగిలాయి. పాలిచ్చే మనిషి చిక్కి పుల్లయిపోయింది. తన పాలే పిల్లకు విషమయ్యాయేమోనని లోపల కుమిలిపోయేది.

లక్ష్మణమ్మ మాత్రం బెదరలేదు. ఆవిడ లెక్కలో అది లోపలి మురికి, బాగా తోమితే పోతుంది. వేపాకు మరిగించిన నీళ్ళు తెచ్చింది, నలుగులో పసుపు పెంచింది, చెమ్మ పట్టిన మడతల్లో ఇంకాస్త గట్టిగా బొటనవేలు వేసింది. పిల్ల ఏడుపు వీధి చివరిదాకా వినబడేది. ఎవరో చెప్పగా మందుల షాపులో అడిగి ఓ ఆయింట్‌మెంటు తెచ్చి రాశారు. వారంలో మాయమైనట్టే మాయమై, మానేయగానే ముందుకంటే మండిపోతూ వచ్చింది. ఇంతలో మరొకటి జరిగింది. లక్ష్మణమ్మ గుమ్మంలోకి రాగానే, ఇంకా పీట కూడా వాల్చకముందే, పిల్ల ఆవిడ ముఖం చూసి పెదవి విరిచి ఏడవడం మొదలుపెట్టింది. ఇన్నేళ్ళలో ఏ పిల్లా ఆవిడను చూసి ఏడవలేదు. నీళ్ళు పోస్తుంటే ఏడవడం వేరు, మనిషిని చూసి ఏడవడం వేరు. ఆ తేడా ఆవిడకు తెలుసు. ఎవరితోనూ అనలేదు గానీ చాలా బాధపడింది.

చివరికి స్వర్ణమ్మ తల్లీబిడ్డలను శ్రీకాకుళంలో చర్మం డాక్టరు దగ్గరికి బయల్దేరదీసింది. లక్ష్మణమ్మ కూడా ఆటో ఎక్కేసింది.

"నువ్వెందుకు లక్ష్మణమ్మా?" అంది స్వర్ణమ్మ.

"ఏటో ఒకటి నా మీదకే వస్తాది కదా. వచ్చేదేదో నా ఎదరే రానీ" అంది లక్ష్మణమ్మ. పిండిడబ్బా ఒళ్ళో పెట్టుకుంది. పిండిలో కల్తీ లేదని చూపించడానికి.

డాక్టరు నడివయసు ఆడమనిషి. పిల్ల ఒళ్ళంతా తిప్పి చూసి, "ఈ పాపకి నీళ్ళెవరు పోస్తారు?" అని అడిగింది. తల్లీకూతుళ్ళిద్దరూ నేలచూపులు చూశారు.

"నానే" అంది లక్ష్మణమ్మ.

డాక్టరు కోప్పడుతుందని ముగ్గురూ అనుకున్నారు. డాక్టరు మాత్రం చీర కొంగు సర్దుకుని, బల్ల మీద చెయ్యి చాపింది. "ఎలా పోస్తావో నా చేతి మీద చూపించమ్మా."

లక్ష్మణమ్మ కాసేపు తటపటాయించింది. తరవాత చేతిలో పని పడితే మనిషి ఊరుకోదుగా, గాజులు వెనక్కి తోసి, డబ్బా తీసి, గిన్నెడు నీళ్ళడిగి, డాక్టరమ్మ చేతికి శుభ్రంగా నలుగు పెట్టింది. ఏ మాత్రం మొహమాటపడలేదు. కడిగి తుడిచాక డాక్టరు చెయ్యి పైకెత్తింది. మోచెయ్యి నుంచి మణికట్టుదాకా ఎర్రగా కంది ఉంది.

"ఇది నలభయ్యేళ్ళ తోలమ్మా. నాకే మండుతోంది" అంది.

లక్ష్మణమ్మ ఆ ఎరుపు చూస్తూ ఉండిపోయింది. ఎన్ని ఒళ్ళ మీద చూసి మురిసిన ఎరుపో అది. పెద్ద చేతి మీద మొదటిసారి చూసేసరికి వేరేగా కనబడింది.

డాక్టరు చెప్పింది పెద్ద విషయమేమీ కాదు. దీన్ని ఎగ్జిమా అంటారు, గజ్జి కాదు, ఒకరి నుంచి ఒకరికి అంటదు. ఈ పాప తోలు తడిని నిలబెట్టుకోలేదు, అందుకే ఎండిపోయి దురదపెడుతుంది. వేడినీళ్ళూ పిండీ ఆ ఉన్న కాస్త తడినీ లాగేస్తున్నాయి. పసుపూ వేపాకూ పచ్చిపుండు మీద మంటే. సాంబ్రాణి పొగ అసలొద్దు. గోరువెచ్చని నీళ్ళు, కాసేపే పోయాలి. తుడవకుండా పాత నూలుబట్టతో అద్ది, ఒంటి మీద తడి ఆరకముందే తెల్లటి వాజలైను దండిగా రాయాలి. ఎర్రగా ఉన్నచోట మాత్రం తను రాసిచ్చిన మందు పల్చగా, చెప్పినన్నాళ్ళే. గోళ్ళు కత్తిరించాలి, నూలుబట్టలే వెయ్యాలి.

"మరి పథ్యమండీ?" అని అడిగింది ప్రిస్కిల్లా.

"నీ పాలకీ దీనికీ ఏ సంబంధం లేదు. ఇంటికెళ్ళి చేపలపులుసు తిను."

ప్రిస్కిల్లా అక్కడే కూచుని ఏడ్చింది. ఇన్నాళ్ళూ పిల్ల ఒంటి మీద లేచిన ప్రతి పొక్కునూ తన పాపంగానే లెక్కేసుకుంది. స్వర్ణమ్మ కూతురి తల నిమిరి, "పూర్తిగా పోతాదాండీ?" అని అడిగింది.

"తగ్గుతుంది, మళ్ళీ వస్తుంది, మళ్ళీ తగ్గిద్దాం. పెద్దయ్యేకొద్దీ చాలామందికి నెమ్మదిస్తుంది." గుమ్మం దాటుతుంటే డాక్టరు లక్ష్మణమ్మను వెనక్కి పిలిచింది. "ఒక్క మాట గుర్తుపెట్టుకో అమ్మా. తోమకు, అద్దు."

ఆటోలో సగం దారి లక్ష్మణమ్మ నోరు విప్పలేదు. మిగతా సగం ఆపలేదు. "అద్దడమేటి? పెళ్ళికూతురికి గంధమా అద్దడానికి? తోమకపోతే నీలు పొయ్యడమెందుకు, వానలో ఎట్టీసి తీసుకొచ్చీండి!" ఇల్లు రాగానే డబ్బా పట్టుకుని దిగిపోయింది. మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

ప్రిస్కిల్లా తనే పోయబోయింది. డిగ్రీ చదివిన పిల్లే గానీ, తడిసిన పసిపిల్లను పట్టుకోవడం ఏ పుస్తకంలోనూ ఉండదు. మెడ పట్టుకుంటే కాళ్ళు జారేవి, కాళ్ళు పట్టుకుంటే చెవిలో నీళ్ళు పోయేవి. భయానికి రెండు రోజులు తడిగుడ్డతో సరిపెట్టింది. తరవాత పిల్లను భుజాన వేసుకుని తిన్నగా లక్ష్మణమ్మ ఇంటికి వెళ్ళింది.

లక్ష్మణమ్మ అరుగు మీద చింతపండు గింజలు తీస్తోంది. పిల్ల ఆవిడను చూడగానే బావురుమని తల్లి మెడలో ముఖం దాచుకుంది.

"సూసినావా? ఈ గుంటకి నానంటే బయ్యిం. తీసుకెళ్ళిపో తల్లీ" అంది లక్ష్మణమ్మ.

"పిన్నీ, నాకు నీళ్ళు పొయ్యడం రాదు. నీకు తోమకుండా పొయ్యడం రాదు. ఇద్దరం నేర్చుకుందాం, రా" అంది ప్రిస్కిల్లా.

లక్ష్మణమ్మ చింతపండు చేతులు కడుక్కుంది. డబ్బా ఇంట్లోనే వదిలేసి బయల్దేరింది.

చెప్పినంత సులువుగా అయితే జరగలేదు. బుర్రకు తెలిసినా చేతికి తెలియొద్దూ. మొదటిరోజే బొటనవేలు తనంతట తాను మోచేతి మడతలోకి పోయింది. పిల్ల కెవ్వుమంది. లక్ష్మణమ్మ తన చేతి మీద తనే ఒకటి వేసుకుంది. ఆ చేతికి వేరే పని పెడితే గాని మాట వినదని తెలిసి, తోమే కుడిచేతికి ఎప్పుడూ చెంబు అప్పజెప్పింది. ఎడమచెయ్యి పిల్లకు దిండు. గోరువెచ్చని నీళ్ళంటే ఆవిడకు అసహ్యం. "సచ్చిన నీలు" అని తిట్టుకుంటూనే పోసేది. పోయడం అవగానే, స్వర్ణమ్మ ఇచ్చిన పాత వాయిలు చీర ముక్కతో తనే అద్దేది. ప్రిస్కిల్లా పక్కనే వాజలైను డబ్బా మూత తీసి సిద్ధంగా ఉండి, తడి ఒంటికి పట్టించేది. తీరా అయ్యాక పిల్ల ఎర్రగా లేదు, ఏడవనూ లేదు, జిడ్డుగా మెరుస్తూ ఇద్దర్నీ మార్చి మార్చి చూసేది. "ఇదేటి పోత" అని లక్ష్మణమ్మ రోజూ గొణిగేది. కానీ మడతల్లో చెమ్మ ఆరింది. పిల్ల తెల్లవార్లూ లేవకుండా పడుకుందని ఓ పొద్దున స్వర్ణమ్మ చెప్పినప్పుడు లక్ష్మణమ్మ మరి గొణగలేదు.

క్రిస్మస్ రోజుల్లో మళ్ళీ ఒళ్ళంతా లేచింది. "నా సెయ్యి గాని జారిందేటి?" అని లక్ష్మణమ్మ పదిసార్లు అడిగింది. చివరికి చూస్తే శాంతికుమార్ ముచ్చటపడి తెచ్చిన నైలాను నెట్టు గౌను, స్వర్ణమ్మ అల్లిన ఉన్ని టోపీ. రెండూ బీరువాలోకి వెళ్ళాయి. డాక్టరిచ్చిన మందు మళ్ళీ కొన్నాళ్ళు రాశారు, తగ్గింది. ప్రతిదానికీ తన చెయ్యే కారణం కాదని తెలిసి లక్ష్మణమ్మ ఊపిరి పీల్చుకుంది. పండగకు ఎస్తేరు మాసిన నూలు జుబ్బాలోనే చర్చికి వెళ్ళింది.

ఎండాకాలం రాకముందే తల్లీబిడ్డలు రాజాం వెళ్ళిపోయారు. లక్ష్మణమ్మ వేరే ఇళ్ళకు పోతూనే ఉంది. అయితే ఎక్కడికి వెళ్ళినా ముందు పిల్ల తోలు వేలితో తాకి చూసేది. గరుగ్గా అనిపిస్తే పిండి తియ్యదు. "పిల్ల ఎర్రబడలేదేటి లక్ష్మణమ్మా, సెయ్యి సచ్చిపోయిందా?" అని ముసలమ్మలు ఎకసెక్కాలాడేవారు. "ఎర్రగుండడానికి టమాటావేటమ్మా" అనేది. ఒకటి రెండు ఇళ్ళవాళ్ళు వేరే మనిషిని పెట్టుకున్నారు. పెట్టుకోనీ అనుకుంది. ఆవిడకు మనసులో మిగిలిపోయింది ఒక్కటే. తనను చూసి ముఖం దాచుకున్న ఆ పిల్లకు ఏది గుర్తుంటుంది? ముందు తోమిన రోజులా, తరవాతి రోజులా?

ఏడాది దాటాక ప్రిస్కిల్లా సెలవులకు వచ్చిందని కబురొచ్చింది. లక్ష్మణమ్మ వెంటనే వెళ్ళలేదు. ఇవాళ రేపు అని జరిపి, చివరికి సాయంకాలం పూట వెళ్ళి పెరటి గుమ్మంలో నిలబడింది. ఎస్తేరు నడుస్తోంది, మాటలు వస్తున్నాయి. బుగ్గలు నున్నగా ఉన్నాయి. మోచేతి మడతలో మాత్రం చిన్న ఎర్రపట్టీ ఉంది. పిల్ల ఆవిడను చూసింది. ఆడుతున్నది ఆపేసి గిరుక్కున తిరిగి ఇంట్లోకి పరిగెత్తింది.

"బయ్యిం పోనేదు" అంది లక్ష్మణమ్మ. పక్కనున్న పీట మీద కూలబడింది. ప్రిస్కిల్లా ఏదో చెప్పబోయింది.

ఎస్తేరు తిరిగి వచ్చింది. చేతిలో పాత వాయిలు చీర ముక్క, నేలమీద ఈడ్చుకుంటూ. దాన్ని లక్ష్మణమ్మ ఒళ్ళో పడేసి, మోచెయ్యి తిప్పి చాపింది.

"అద్దమ్మా, అద్దు."

"అదేటమ్మా, అద్దమ్మేటి?" అంది లక్ష్మణమ్మ.

"నువ్వే పిన్నీ" అంది ప్రిస్కిల్లా. "అక్కడ రోజూ నీళ్ళు పోసి అద్దుతూ నీ కబుర్లే చెప్తాను కదా. నీ పేరు దానికి నోరు తిరగలేదు."

లక్ష్మణమ్మకు కళ్ళమ్మట నీళ్ళు కారిపోయాయి. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. గుడ్డ కొస తడిపి, ఆ మడత మీద మెల్లగా అద్దింది.

"ఇంకా" అంది ఎస్తేరు.