ఒక్క దమ్ము సేపు

మొన్న బోధన్ బస్టాండులో నిజామాబాద్ బస్సు కోసం కూచుని ఉంటే, పక్క బెంచీ మీద ఒక పెద్దాయన బీడీ ముట్టించాడు. పొగ తాగరాదని గోడ మీద పెద్ద అక్షరాలతో రాసే ఉంది. ఆయన సరిగ్గా ఆ అక్షరాల కిందే చూసుకుని కూచున్నాడు. ఏళ్ళ తరబడి బడిపిల్లలను గదమాయించిన నోరు నాది, ఊరికే ఉండలేదు. కసురుకుందామని అటు తిరిగాను. ఆయన బీడీని పెదాల మధ్య పెట్టుకుని దమ్ము లాగాడు, నేను ఊపిరి బిగబట్టాను. పొగ వదిలేదాకా నేనూ వదల్లేదు. ఆయన లాగినప్పుడల్లా బిగబట్టడం, వదిలినప్పుడల్లా వదలడం. బీడీ సగమయ్యేసరికి నాకు కళ్ళు తిరిగాయి. ఆయన నా వాలకం చూసి బీడీ కాలికింద నలిపేసి, "ఏమైందమ్మా, పాణం మంచిగ లేదా?" అంటూ తన నీళ్ళ సీసా అందించాడు. ఇక కసిరేందుకు మొహం ఎక్కడిది? నీళ్ళు తాగి కూచున్నాను. బస్సు వచ్చింది, వెళ్ళిపోయింది కూడా. నేను లేవలేదు.

మా అన్న కాలాన్ని బీడీలతో కొలిచేవాడు. ఎడపల్లి దగ్గర కాలువ కింద మా పొలం. చక్కెర ఫ్యాక్టరీ నడిచినన్నాళ్ళూ చెరకు వేశాడు, అది మూతపడ్డాక వరికి మారాడు. పంట మారింది కానీ చేతిలో బీడీ మారలేదు. నా మొదటి జీతంతో కొనిచ్చిన గడియారం పెట్టెలో భద్రంగా నిద్రపోయేది. మోటారు దగ్గరికి ఎంతసేపు పడుతుందంటే రెండు బీడీల దూరం అనేవాడు. ఛాయ్ దించడానికి మూడు దమ్ములు. దూడను పాలకు వదిలి లాగేయడానికి నాలుగు. మా వదిన ఈ లెక్కలకు మొదట్లో నవ్వేది, తర్వాత పొయ్యి దగ్గర తానూ అవే లెక్కలు చెప్పేది. వాళ్ళకు ఒక్కతే కూతురు, నా మేనకోడలు. ఆ పిల్ల పుట్టినప్పుడు ఎంతసేపటికి ఏడ్చిందని అడిగితే కూడా, "ఒక్క దమ్ము సేపు భయపెట్టింది, గంతే" అని చెప్పాడు.

ఆ పిల్లకు నేల మీద కాలు నిలిచేది కాదు. బడిలో పరుగు పందాల్లో చూసి హైదరాబాదులో క్రీడల హాస్టలుకు ఎంపిక చేశారు. అక్కడ పరుగు మానిపించి చెరువులో పడవ ఎక్కించారు. అదీ చాలక, ఒక కోచ్ ఆమెను నర్మద మీద బండల మధ్య దూకే నీళ్ళలోకి తీసుకెళ్ళాడు. ఆ ఆటను స్లాలం అంటారు. ఒక మనిషి పట్టే సన్నని పడవ. నీళ్ళ మీద తీగలకు జంటజంటలుగా కర్రలు వేలాడతాయి. ఆకుపచ్చ జంటలోంచి నీటి వాలున పోవాలి, ఎర్ర జంట వస్తే వెనక్కి మళ్ళి ఎదురెక్కి పోవాలి. కర్రకు తెడ్డు తగిలినా, భుజం తగిలినా రెండు సెకన్లు కలుపుతారు. ఒకసారి సెలవుల్లో ఆ పిల్ల పాత పడవనొకదాన్ని ట్రాక్టర్ ట్రాలీలో వేసుకుని ఊరికి తెచ్చింది. ఎండిన సొరకాయకు కడుపులో బొక్క చేసినట్టుంది. ఆ బొక్కలో కూచుని, నీళ్ళు లోపలికి పోకుండా నడుముకు ఒక రబ్బరు పావడ కట్టుకుని, దాని అంచును పడవ మూతికి బిగిస్తారు. మా అన్న ఆ పావడను రెండు వేళ్ళతో పైకెత్తి పట్టుకుని, "దీన్ని ఉతికేటప్పుడు మీ అమ్మ బట్టలల్ల కలపకు బిడ్డా, ఆమె భయపడ్తది" అన్నాడు.

ఊరికి అర కోసు దూరంలో కాలువ ఒకచోట మనిషెత్తు కిందికి దూకుతుంది. నిజాం కాలపు రాతికట్టు. నీళ్ళు వదిలిన రోజుల్లో ఆ దూకుడు కింద నురగే నురగ, పక్కల నీళ్ళు వెనక్కి తిరిగి సుళ్ళు వేస్తాయి. నర్మదకు పోలిక కాకపోయినా పని జరుగుతుందని ఆ పిల్ల తేల్చింది. కర్రలు మా అన్న తయారుచేశాడు. పాత మోటారు పైపు కోసి ముక్కలు చేసి, పొలాల అమావాస్యకు ఎడ్ల కొమ్ములకు వేయగా డబ్బాల్లో మిగిలిన ఎరుపు, ఆకుపచ్చ రంగులు పట్టెలు పట్టెలుగా పూశాడు. ఒక ఒడ్డున తుమ్మ చెట్టుకు, రెండో ఒడ్డున పాత కరెంటు స్తంభానికి తీగ లాగి కట్టాడు. తర్వాత ఒడ్డున రాయి మీద కూచుని న్యాయమూర్తి అయిపోయాడు.

"తాకింది బిడ్డా, రెండు" అనేవాడు.

"తాకలె బాపు, గాలికి ఊగింది" అని ఆ పిల్ల నీళ్ళలోంచి జగడం పెట్టుకునేది. ఆ గాలి గొడవ ఇంటికి వచ్చి అన్నం ముందు కూచున్నాక కూడా తెగేది కాదు.

అసలు వినోదం పడవ బోల్తా పడ్డప్పుడు. ఆ ఆటలో బోర్లా పడటం మామూలే. తలకిందులుగా నీళ్ళలో ఉండి, తెడ్డు చాచి, నడుము విసిరి పడవతో సహా పైకి లేవాలి. పడవ విడిచి ఈదుకుంటూ బయటికొచ్చారంటే ఆ పరుగు పోయినట్టే. మొదటిసారి ఆ పిల్ల అలా బోర్లాపడి సాధన చేస్తుంటే, పక్క మడిలో నాట్లేస్తున్న ఆడవాళ్ళు బురద కాళ్ళతో పరుగెత్తుకొచ్చారు. ఒకామె కొంగు విప్పి నీళ్ళలోకి విసిరింది. ఇంకొకామె బర్రె పలుపు తాడు విసిరింది, బర్రె ఇంకా దాని కొసనే ఉంది. అంతలో పిల్ల జుట్టు విదిలించుకుంటూ పైకి లేచి నవ్వింది. వాళ్ళలో పెద్దామె రొమ్ము మీద చెయ్యి పెట్టుకుని, "ఓ పొల్లా, గిట్లాంటి ఆట నీకెవడు నేర్పిండే, నా పానం పోయె గదనే" అని ఒకటే తిట్టు. ఆ రోజు నుంచి మా అన్నకు ఒడ్డు మీద రెండో పని దొరికింది. దారిన పోయేవాళ్ళెవరైనా కేకలేస్తూ కాలువలోకి దుంకబోతే చేతులు అడ్డం పెట్టి ఆపడం. "ఒర్లకుండ్రి, ఆట గది. నా బిడ్డ లేస్తది. ఒక్క దమ్ము ఆగుండ్రి" అని బీడీ లాగేవాడు. ఆయన పొగ వదిలేలోపు పిల్ల పైకి వచ్చేది. వర్ని బజారు నుంచి వచ్చే వాళ్ళు కూడా సైకిళ్ళు ఆపి ఆ దమ్మును చూసి పోయేవాళ్ళు. నేనూ సెలవులకు పోయినప్పుడు చూశాను. మా అన్న మొహంలో అప్పుడుండే గర్వం నాకింకా కళ్ళకు కట్టినట్టుంది.

ఆ యాసంగిలో నాట్లు ముందే అయిపోయాయి. మళ్ళలో మనుషులు లేరు. ఒడ్డున మా అన్న ఒక్కడే ఉన్నాడు. కంగారుపడి లేవకు, బోర్లాపడ్డాక నురగ సర్దుకునేదాకా కింద ఆగడం నేర్చుకో అని కోచ్ అంతకు ముందే ఫోనులో చెప్పాడట. ఆ పిల్ల బాపుకు ఆ మాట చెప్పలేదు. చెప్పవలసినంత విషయంలా తోచలేదు. బోర్లాపడింది, ఆగింది. చెవుల నిండా నీళ్ళ హోరు, కళ్ళ ముందు ఆకుపచ్చ చీకటి, తనకు ఏ భయమూ వేయలేదని తర్వాత నాకు చెప్పింది. అప్పుడు పక్కనే ఏదో బరువు నీళ్ళలో పడ్డ చప్పుడు వినిపించింది. వెంటనే లేచింది. ఒడ్డున బాపు లేడు. రాయి మీద బీడీ ఇంకా పొగలు కక్కుతోంది. రాయి పక్కన చెప్పులు జతగా విడిచి ఉన్నాయి. మా ఇంట్లో చెప్పులతో కాలువ నీళ్ళలో ఎవరూ కాలు పెట్టరు, పంటకు పారే నీళ్ళని. కాళ్ళు కడుక్కోవాలన్నా విడిచే దిగుతారు. అంత ఆత్రంలో కూడా ఆయన విడిచే దుంకాడు.

మా అన్నకు ఈత వచ్చు. కానీ నిలిచిన బావి నీళ్ళలో నేర్చిన ఈత ఆ దూకుడు కింద పనికిరాలేదు. పైన తూము దించి కాలువ నీళ్ళు ఆపించారు. కొత్తగా నాటిన మళ్ళు నీళ్ళ కోసం ఎదురుచూస్తున్న రోజులవి. చివరి పొలాల రైతులంతా వంతెన మీద నిలబడ్డారు, ఒక్కరూ ఒక్క మాట అనలేదు. నీళ్ళు తగ్గాక కింది వంతెన స్తంభానికి ఆనుకుని కనిపించాడు. దగ్గర నలుగురుంటే వాళ్ళను ఆపే పనిలో ఆయన తానూ ఆగేవాడు. ఆ రోజు ఆపడానికి ఎవరూ లేరు. దమ్ము అయిపోయింది, పిల్ల లేవలేదు, అంతే.

నాకు ఆ పిల్ల మీద కోపం వచ్చింది. దాచుకోవడం దేనికి, చాలాకాలం ఉంది. ఇంటికి వస్తే మాట్లాడేదాన్ని, కంచంలో అన్నం పెట్టేదాన్ని, మొహం మాత్రం చూసేదాన్ని కాదు. మా వదిన మనసు నాకంటే పెద్దది. పడవను గోడకు ఆనించి మీద గోనెసంచులు కప్పింది. ఏడాది గడిచాక తనే సంచులు తీసి, తుడిచి, "పో బిడ్డా. ఇంట్ల కూసుంటే ఆయన వస్తడా?" అని పంపింది. తాను మాత్రం కాలువ వైపు పోవడం మానేసింది. గాలి లేనప్పుడు కూడా ఆ కర్రలు ఒకదానికొకటి తగిలి చప్పుడు చేస్తాయని నాట్ల ఆడవాళ్ళు చెప్పుకునేవాళ్ళు. తీగ తెంపెయ్యమని ఎవరూ అనలేదు, ఎవరూ తెంపలేదు.

పిల్ల పోటీలకు పోయింది కానీ ఒక్క పరుగూ పూర్తి చేయలేకపోయింది. కర్రల మధ్య ఎంత వడిగా పోయినా, పడవ ఒక్కసారి బోర్లా పడిందంటే ఆమెకు పక్కనే ఆ చప్పుడు వినిపించేది. బాపు దుంకుతున్న చప్పుడు. ఇక తెడ్డు వదిలేసి, రబ్బరు పావడ లాగేసి, చుట్టూ చేతులతో వెతుక్కుంటూ బయటికి వచ్చేసేది. నీళ్ళలో ఎవరి కోసం వెతుకుతున్నావని కోచ్ అడిగితే ఏం చెబుతుంది? జట్టు ఎంపికకు ఇంక ఒకే అవకాశం మిగిలిందన్నప్పుడు నిజామాబాదులో నా ఇంటికి వచ్చింది. గుమ్మంలోనే నిలబడింది.

"అత్తమ్మా, కాలువకు నీళ్ళు ఇడిసిండ్రు. నువ్వొచ్చి ఒడ్డుకు కూసుంటవా?"

"నేనెందుకే? నాకు ఈతే రాదు."

"ఈతకు గాదు. నువ్వు కూసుంటే బాపు కూసున్నట్లే ఉంటది. ఆ రాయి మీద నువ్వుండాలె. నేనెంతసేపు మునిగినా నువ్వు లెవ్వద్దు. నువ్వు దుంకలేదని నాకు ఎరుక కావాలె."

మా అన్నవీ నావీ ఒకటే పోలికలని చిన్నప్పటి నుంచీ అందరూ అనేవాళ్ళే. ఆ పిల్ల మొహం వైపు అప్పుడు చూశాను, ఎంతకాలానికో. అది సగం మా అన్న మొహమే. ఆ మొహాన్ని కాదనలేక బయల్దేరాను. అదీగాక, ఆ రాయి మీద కూచుంటే ఆయనకు ఆఖరున ఏం కనిపించిందో నాకూ తెలుస్తుందని ఒక పాడు కోరిక.

కింది వంతెన దగ్గర తోటి ఆటగాళ్ళిద్దరు తాళ్ళు పట్టుకుని నిలబడ్డారు. నేను రాయి మీద కూచున్నాను. ఎండకు రాయి వెచ్చగా ఉంది, ఇప్పుడే ఎవరో లేచి పోయినట్టుంది. కర్రల రంగులు చాలావరకు పోయాయి. ఎరుపు గులాబీ అయింది, ఆకుపచ్చ అక్కడక్కడా మిగిలింది. పిల్ల నీళ్ళలోకి దిగుతుంటే ఒక కర్ర దానంతట అది ఊగింది. ఇద్దరమూ దానివైపే చూశాం. "తాకలె బాపు" అంది ఆ పిల్ల, మెల్లగా. తర్వాత నురగలోకి పోయి, నా వైపు ఒకసారి చూసి, బోర్లా పడింది.

పడవ అడుగు ఒక్కటే పైకి కనిపిస్తోంది. తెల్లగా, నున్నగా, దాని మీద నీళ్ళు పారుతున్నాయి. లేస్తుందని నాకు తెలుసు. లేవడం నా కళ్ళతో ఎన్నిసార్లు చూడలేదు? తెలిసి కూడా కూచోవడం ఎంత కష్టమో అప్పుడు అర్థమయింది. నా చేతిలో బీడీ లేదు, ఎంతసేపయిందో తెలియదు. గాలిలో బీడీ వాసన మాత్రం వచ్చింది. మళ్ళలో మనిషి జాడ లేదు, అయినా వచ్చింది. లేస్తది, లేస్తది అని నాలో నేనే అనుకుంటున్నాను, ఆ గొంతు నాది కాదు. మా అన్న మీద జాలి, ఆ పిల్ల మీద కోపం, రెండూ ఒకేసారి గుండెలోంచి పొంగుకొచ్చి, కోపం అక్కడే ఆ నీళ్ళలో పోయింది. అంతసేపు ఆగగలిగిన మా అన్న ఎన్నిసార్లు ఆగి ఉంటాడో, ఒక్కసారే కదా ఆగలేకపోయాడు.

తెడ్డు బయటికి వచ్చింది. పడవ తిరిగింది. పిల్ల లేచింది.

నోట్లో నీళ్ళు ఉమ్మేసి, వగరుస్తూ అడిగింది. "అత్తమ్మా, లేసినవా?"

"యాడ లేసిన? కూసునే ఉన్న" అన్నాను. నిజంగానే కూచునే ఉన్నాను. కానీ ఆ పిల్ల నా కాళ్ళ వైపు చూస్తోంది. నేనూ వంగి చూశాను. నా చెప్పులు రాయి పక్కన జతగా విడిచి ఉన్నాయి. ఎప్పుడు విడిచానో నాకు తెలియదు. అవి అక్కడ లేకపోతే బాగుండునని చూస్తూ ఉండిపోయాను.

ఆ పిల్ల ఒడ్డుకు వచ్చి, పడవ దిగి, తడి చేతులతో ఆ చెప్పులు తీసి నా కాళ్ళ ముందు పెట్టింది. "ఏస్కో అత్తమ్మా" అని, నేను వేసుకునేదాకా నిలబడి చూసింది. తర్వాత మళ్ళీ దిగింది. పొద్దు వాలేదాకా బోర్లా పడుతూనే ఉంది, లేస్తూనే ఉంది. నేను చెప్పులతోనే కూచున్నాను. ఎంపిక పోటీలో ఆ పిల్ల చివరిదాకా పోయిందని, ఒకసారి బోల్తాపడి లేచిందని, రెండు కర్రలు తాకిందని ఫోనులో చెప్పింది. జట్టులోకి తీసుకున్నారన్న మాట చివర్లో, ఏదో మామూలు విషయంలా చెప్పింది. గాలికి కాదు కదా అని అడిగాను. కాదు, తానే తాకానంది.

బస్టాండులో పెద్దాయన తన బస్సు రాగానే లేచి, "పైలమమ్మా" అని వెళ్ళిపోయాడు. ఆయన కూచున్నచోట కాసేపు పొగ వాసన నిలిచింది. నేను లేచి కాళ్ళ వైపు చూసుకున్నాను. ఈ మధ్య అదొక అలవాటయింది. చెప్పులు కాళ్ళకే ఉన్నాయి. మా అన్న లెక్కలో ఆ రోజు కాలువ ఒడ్డున జరిగిందంతా ఒక్క దమ్ము సేపు. ఆయన లాగిన ఆ దమ్మును నేనింకా వదలలేదు.